జూన్ నెలలో మంచు

“జూన్‌లో స్నో పడిందంటున్నారు ఆంటీ ఆయన. అది కూడా రింక్ లోపల. ఆ స్టేట్‌మెంట్ పట్టుకుని నన్నేం చేయమంటారు?”

భానుప్రకాష్ ఆ మాట అని ఫైలు మూసేశాడు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్ అతను. ఆరేళ్ళ వయసులో అమెరికా వచ్చి, ఆదివారం బడిలో తెలుగు నేర్చుకున్నవాడు. తెలివితక్కువవాడు కాడు, ఆ మాట ఒప్పుకుంటాను. కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. న్యూ జెర్సీ స్టేట్ నాకిచ్చిన డిటెక్టివ్ లైసెన్సు మీద ఉమామహేశ్వరి అని ఇంత పొడుగు పేరుంటే, అతనికి మాత్రం నేను ఆంటీని.

“ముందు ఆ ఆంటీ ఆపు,” అన్నాను. “రిపోర్టు ఎప్పుడు పంపుతున్నావు?”

“ఈవెనింగ్ అయిదుకి. నిశాంత్ తీశాడు అని రాస్తున్నాను. వేరే ఎవరూ లోపలికి రాలేదు కదా.”

అది శుక్రవారం, భోజనాల వేళ దాటింది. ఐస్ హాకీ రింక్ ముందు హాల్లో నిలబడి మాట్లాడుకుంటున్నాం. ఆ రిపోర్టు వెళితే సోమవారం టీమ్ ఓనర్లు పోలీస్ కంప్లయింట్ ఇస్తారు. ఇచ్చారా, నిశాంత్ పని అయిపోయినట్టే. ఎఫ్-1 వీసా మీద మాస్టర్స్ చేస్తూ ఆ టీమ్‌లో ఇంటర్న్‌గా చేరిన వరంగల్ కుర్రాడు. దొంగతనం కేసు పడితే స్టేటస్ పోతుంది, చివరి సెమిస్టర్ పోతుంది, మనిషి విమానం ఎక్కాల్సిందే.

పోయింది కప్పు. హెరాన్స్ అనే ఐస్ హాకీ టీమ్ శనివారం రాత్రి గెలిచి, ఆదివారం పోగొట్టుకున్న లీగ్ కప్పు. ఇప్పుడు హెరాన్స్ అంటే ఎవరికీ తెలియదు. మేం వాళ్ళని కొంగలు అనేవాళ్ళం.

ఆ సీజన్ గురించి చెప్పకుండా ఈ కేసు చెప్పలేను. 2004 అక్టోబరులో మొదలై 2005 జూన్‌లో ముగిసింది. ఓనర్లకీ ఆటగాళ్ళకీ జీతాల దగ్గర పేచీ వచ్చి, పెద్ద లీగ్ సీజన్ మొత్తం రద్దయిన ఏడాది అది. ఊళ్ళో ఆట చూడాలనుకున్నవాడికి మా చిన్న లీగే గతి. అప్పటిదాకా సగం ఖాళీగా ఉండే ఆ పాత రింక్‌లో నిలబడడానికి చోటుండేది కాదు. ఎడిసన్ తెలుగువాళ్ళకి ఆ పిచ్చి ఎక్కించింది రాజారావు. ఐస్ కరగకుండా చూసే చిల్లర్ మిషన్ల ఇంజనీరు, ఆ రింక్ మెయింటెనెన్స్ అతనిదే. శనివారం వస్తే చాలు, గాజు పలక వెనక వరసంతా మనవాళ్ళే. రేకు కాగితంలో చుట్టిన పులిహోర ఒక చివర మొదలై రెండో చివరికి చేరేసరికి అడుగంటేది. మా ఆయనకి లాప్‌టాప్ తప్ప లోకం లేదనుకునేదాన్ని. గోల్ పడ్డప్పుడు ఆయన సీటెక్కి ఈల వేస్తే, పెళ్ళయిన పాతికేళ్ళకి మనిషి గొంతు కొత్తగా విన్నాను. ఎంత బాగుండేదో ఆ రోజుల్లో. ఇప్పుడు అక్కడ ఫర్నిచర్ గోడౌను ఉంది. ఆ దారిన వెళ్ళాల్సివస్తే నేను రెండు వీధులు చుట్టు తిరిగి పోతాను.

మా అందరికీ పెద్ద దిక్కు హనుమయ్య గారు, రాజారావు తండ్రి. రేపల్లె ఆర్టీసీ బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆరు నెలలుండి పోదామని వచ్చి, ఫైనల్స్ చూడందే కదలనని వీసా ఎక్స్‌టెన్షన్ పెట్టించుకున్నారు. ఆటకి ఆయన పేర్లు ఆయనకుండేవి. పక్ అంటే బిళ్ళ. రిఫరీ అంటే చారల చొక్కా. తప్పు చేసిన ఆటగాణ్ణి కూర్చోబెట్టే పెనాల్టీ బాక్స్ అంటే బోను. సీజన్ సగానికొచ్చేసరికి వరసలో పిల్లలు కూడా “బోన్లో వెయ్, బోన్లో వెయ్” అని అరిచేవాళ్ళు. ఆట లేని రోజుల్లో కూడా ఆయన ఫ్లాస్కుతో వచ్చి ఖాళీ ఐస్ చూస్తూ కూర్చునేవారు. పొద్దున కొడుకు దింపేవాడు, సాయంత్రం తీసుకెళ్ళేవాడు.

ఈ కేసులోకి నన్ను లాగింది ఆయనే. బుధవారం మా ఇంటికొచ్చి, “నిశాంతు తియ్యలేదమ్మా, నేను చూశాను. ఆ కోటు కుర్రాడు నేను చెప్పింది రాసుకున్నాడు గానీ నమ్మలేదు. నువ్వు చూడమ్మా,” అన్నారు. అయినవాళ్ళు అడిగితే కాదంటామా.

హాల్లోంచి వెళ్ళి ముందు నిశాంత్‌ని టికెట్ల గదిలో కూర్చోబెట్టి అడిగాను. భానుప్రకాష్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

“ఆదివారం పొద్దున లోపలికి ఎందుకొచ్చావు?”

“జెర్సీలు ఉతకనీకి తీస్కపోవాలె కదా ఆంటీ. సాయంత్రం ఫ్యాన్స్ అందరితోని ఫోటోలుండె. కప్పు గూడ అందుకే బాక్స్‌ల పెట్టిన్రు, ఫోటోలకు.”

“బాక్స్ అంటే పెనాల్టీ బాక్సా?”

“అవ్, మన తాత బోను అంటడు సూడు, అదే. ఎనిమిదింటికి నేను, తాత ఒక్కసారే అచ్చినం. కప్పు ఆడనే ఉండె. అరగంటల జెర్సీలన్ని సంచిల ఏసుకుని పోయిన.”

“ఆ సంచిలో కప్పు పడుతుందా?” భానుప్రకాష్ అందుకున్నాడు.

“పడతది. సంచిల నేను గూడ పడత. అయితే?”

“లాండ్రీలో నిన్ను ఎవరైనా చూశారా?” అన్నాను.

“ఎవ్వరుంటరు ఆంటీ, కాయిన్ మిషన్లే కదా. పదింటికి మల్ల అచ్చిన. చూస్తే కప్పు లేదు. నేనే అందరికి ఫోన్ చేసిన. దొంగతనం చేసినోడు ఫోన్ చేస్తడా?” అని ఆగి, గోడ మీద టీమ్ ఫోటో వైపు చూశాడు. “నన్నేమన్న చేయనియ్ ఆంటీ. మన టీమ్ పోతున్నదని బాధ తీరలే, మీదికెళ్ళి ఇదొకటి.”

టీమ్‌ని టెక్సాస్‌వాళ్ళకి అమ్మేశారు. గెలిచిన రాత్రే చల్లగా చెప్పారు, వచ్చే సీజన్ నుంచి ఫ్రిస్కోలో ఆడతారని. కప్పు కూడా అక్కడికే వెళ్ళాల్సింది.

భానుప్రకాష్ కేసు చూడ్డానికి గట్టిగానే ఉంది. ముందు తలుపు మీద కెమెరా ఉంది. ఏడింటికి వాచ్‌మన్ కప్పు చూసి ఒట్టి చేతులతో బయటికి పోయాడు. తర్వాత లోపలికొచ్చింది ఇద్దరే. సంచితో బయటికెళ్ళింది ఒక్కడే. వెనక వైపు ఐస్ చదును చేసే బండి తిరగడానికి పెద్ద ఇనుప షటర్ ఉంది. దానికి వేసిన తాళం వేసినట్టే ఉంది, ఎక్కడా గీత పడలేదు. కాబట్టి అటు నుంచి ఎవరూ రాలేదని రాసుకున్నాడు.

“మరి హనుమయ్య గారు చెప్పినదానికేం చెప్తావు? నిశాంత్ వెళ్ళాక కూడా కప్పు ఉందన్నారుగా.”

“ఆంటీ, సారీ, మేడమ్. ఆయన చాలా మంచివారు. కానీ కప్పు చూశాను అన్నారు, తర్వాత లోపల స్నో పడింది, ఏం కనపడలేదు అన్నారు. అది చదివితే మా ఆఫీస్‌లో నవ్వుతారు. సగం నమ్మి సగం వదిలెయ్యడానికి కుదరదు కదా. ఓల్డ్ ఏజ్. కన్ఫ్యూజ్ అయ్యారు.”

నాకు ఒళ్ళు మండింది. కానీ మండి ఏం చేయను. అతని ఇంగ్లీషు కాగితంలో స్పష్టంగా అదే ఉంది. సాక్షి ఒక్కడు, ఆ ఒక్కడూ జూన్‌లో స్నో చూశానంటే ఏ కోర్టు వింటుంది. అసలు ఆ పెద్దమనిషి నోట ఆ మాట ఎలా వచ్చిందో ఆయన్నే అడగాలనుకున్నాను.

ఆయన మామూలు సీట్లోనే ఉన్నారు. స్వెట్టరు, మఫ్లరు, పక్కన ఫ్లాస్కు. ఐస్ అవతల, సరిగ్గా ఎదురుగా, పెనాల్టీ బాక్స్. ఆయన పక్కన కూర్చున్నాను. ఏడాదంతా నా సీటు అదే.

“బాబాయ్ గారూ, ఇతనికి చెప్పిన మాటే నాకు చెప్పండి. ఒక్క ముక్క మార్చకుండా.”

“మార్చడానికేవుందమ్మా. నిశాంతు సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. వాడు వెళ్ళాక కూడా కప్పు బోన్లోనే మెరుస్తా ఉంది. గెలిచిన కప్పు గదా, ఓ దణ్ణం పెట్టుకున్నాను. కాఫీ పోసుకున్నాను. తాగుతా ఉండగానే మంచు పట్టేసింది. బోను లేదు, గోలు లేదు, ఎదర ఏవీ కనపళ్ళా. మంచు విడిచి, నేను కళ్ళజోడు తుడుచుకునేలోపు నిశాంతు వచ్చి లబోదిబోమన్నాడు.”

మంచు పట్టేసింది.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. తెనాలి కాలేజీకి వెళ్ళడానికి ధనుర్మాసంలో రేపల్లె బస్టాండులో నిలబడితే, గాజు కిటికీ వెనక నుంచి కంట్రోలర్ కేకేసి చెప్పేవాడు, ఫస్టు బస్సు లేటమ్మా, మంచు పట్టేసింది అని. ఆ కేక వేసినవాళ్ళలో ఈయన కూడా ఉండే ఉంటారు. అరచేతులు రుద్దుకుంటూ, ఎదుటి మనిషి మొహం కనపడక, గొంతుల్ని బట్టి స్నేహితురాళ్ళని పోల్చుకున్న పొద్దులు. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

“భానూ, ఇలా రా,” అన్నాను. “మంచు అంటే ఏంటి?”

“స్నో.”

“ఇంకా?”

“ఐస్ కూడా అంటారేమో.”

“ఇంకా?”

అతను చేతులు కట్టుకున్నాడు. “ఇది తెలుగు క్లాసా?”

“అవును. రేపల్లెలో పుట్టినవాళ్ళు పుట్టి బుద్ధెరిగి స్నో చూడరు నాయనా. కృష్ణ ఒడ్డున పొద్దున్నే లేచి మంచు పట్టేసిందంటే ఫాగ్ అని అర్థం. మీ సండే స్కూల్ పుస్తకంలో పొగమంచు అని ఉంటుంది చూడు, అది. ఇళ్ళల్లో పొగ కలపరు, ఉత్త మంచే.”

అతని మొహంలో రంగు మారింది. కానీ అంత తొందరగా ఒప్పుకుంటే భానుప్రకాష్ ఎందుకవుతాడు.

“ఓకే, ఫాగ్. రింక్ లోపల ఫాగ్ ఏంటి? అది ఇంకా వర్స్ కదా.”

“అది నాకూ తెలీదు. తెలిసినవాణ్ణి అడుగుదాం.”

రింక్ మేనేజర్ ఫ్రాంక్ తన గదిలో పెట్టెలు సర్దుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళు అక్కడే పనిచేసిన మనిషి. నేను ఇంగ్లీషులో అడిగాను, ఇక్కడ ఐస్ మీద పొగమంచు పట్టడం ఎప్పుడైనా చూశావా అని. అతను టేప్ చుట్టడం ఆపి నవ్వాడు.

“చూడకేం. ఎండాకాలం వెనక షటర్ తెరిచిపెట్టి, గాల్లో తేమ లాగే మిషన్ ఆపేస్తే సరి. బయటి ఉక్క లోపలికొచ్చి ఐస్‌కి తగులుతుంది. పావుగంటలో పాలు పొంగినట్టు లేస్తుంది. షటర్ మూసి మిషన్ వేస్తే మళ్ళీ పోతుంది. అందుకే జూన్‌లో దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను.”

“ఆదివారం తెరిచారా?”

“లేదే. తాళం వేసే ఉంది.”

“ఇప్పుడు తెరువు,” అన్నాను.

భానుప్రకాష్ గడియారం చూసుకున్నాడు. “ఇది టైమ్ వేస్ట్. నాకు రిపోర్ట్ ఉంది.”

“నీ రిపోర్టుతో ఒక పిల్లాడి బతుకు పోతుంది. పావుగంట ఆగితే నీకేం పోతుంది?” గట్టిగానే అన్నాను. ఖాళీ సీట్ల మధ్య నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. అతను తగ్గలేదు.

“మీరు హనుమయ్య అంకుల్ ఫ్రెండ్. నిశాంత్ మిమ్మల్ని ఆంటీ అంటాడు. మీకు బయాస్ ఉంది. నాకు లేదు.”

“ఉంది. నీకు తెలిసిన తెలుగే తెలుగనుకునే బయాస్.”

తర్వాత అతనే ఫైలు సీటు మీద పెట్టి, అవతలికి చుట్టు తిరిగి వెళ్ళి పెనాల్టీ బాక్స్‌లో నిలబడ్డాడు. “నేను ఇక్కడ ఉంటాను. నేను కనపడకపోతే ఒప్పుకుంటా,” అని అక్కడి నుంచి అరిచాడు. మూర్ఖుడే గానీ నిజాయితీపరుడు.

ఫ్రాంక్ మిషన్ ఆపాడు. తాళం తీసి గొలుసు లాగాడు. షటర్ మెల్లగా పైకి లేచింది. తెల్లటి ఎండ, తారు వాసన, చెమట పట్టించే గాలి ఒక్కసారిగా లోపలికొచ్చాయి. మొదట ఏమీ జరగలేదు. భానుప్రకాష్ చేతులూపుతున్నాడు. తర్వాత షటర్ దగ్గర ఐస్ మీద పలచగా ఏదో కదిలింది. నీలం గీత మసకబారింది. ఎర్ర గీత మాయమైంది. నడుముల దాకా వచ్చింది, తలల దాకా వచ్చింది. ఏడాదంతా కేకలతో దద్దరిల్లిన చోట చప్పుడు లేకుండా తెల్లగా నిండిపోయింది. నిశాంత్ మా వెనక నిలబడి, “అబ్బ, ఎంత బాగున్నది ఆంటీ,” అన్నాడు మెల్లగా. పాపం, తన కేసు సంగతే మర్చిపోయాడు.

“కనపడుతున్నానా?” అవతల నుంచి భానుప్రకాష్ గొంతు.

“లేదు.”

“ఇప్పుడు? చెయ్యి పైకెత్తాను.”

“నువ్వు డాన్స్ చేసినా కనపడవు. రా.”

చుట్టు తిరిగి వచ్చేసరికి అతని జుట్టు చెమ్మగా ఉంది. ఫైలు తెరిచి, స్నో అన్న మాట కొట్టేసి, పైన ఫాగ్ అని రాశాడు. కింద ఇంకో నాలుగు లైన్లు రాశాడు. తర్వాత హనుమయ్య గారి ముందు కాస్త వంగి, “సారీ అంకుల్. మీరు కరెక్ట్‌గా చెప్పారు. నేనే తప్పు విన్నాను,” అన్నాడు. నిశాంత్ వైపు తిరిగి, “కప్పు నువ్వు వెళ్ళాక పోయింది. యు ఆర్ ఓకే,” అన్నాడు.

నిశాంత్ పక్క సీట్లో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. నేను అతని వీపు నిమిరాను. ఆ నిమిషం నేను సంతోషంగా ఉండాలి. లేను. షటర్ లేస్తున్నప్పుడే నాకు తర్వాతి ప్రశ్న తట్టింది. దాన్ని నేను అడగదలచుకోలేదు. ఆ సీట్లో కూర్చున్న పెద్దాయన పెట్టిన పులిహోర తిన్నదాన్ని.

భానుప్రకాష్ తెలివైనవాడని మొదట్లోనే చెప్పాను. పెన్ను మూత పెట్టబోయి ఆగాడు.

“అంటే ఆదివారం షటర్ తెరిచారు. పగలగొట్టలేదు, తాళంతో తెరిచి, మళ్ళీ తాళం వేశారు. మిషన్ స్విచ్ ఎక్కడుందో కూడా తెలిసిన మనిషి. ఫ్రాంక్, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?”

“రెండున్నాయి. ఒకటి నాది. ఆదివారం నేను మా అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి ఒహాయోలో ఉన్నాను. రెండోది...” ఫ్రాంక్ మా వైపు చూసి, ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు.

“రెండోది మావాడి దగ్గర ఉంది బాబూ,” అన్నారు హనుమయ్య గారు.

ఆ కాస్త ఇంగ్లీషు ఆయనకి అర్థమైంది. ఎనిమిది నెలలు ఆ రింక్‌లో కూర్చున్న మనిషికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది.

“బాబాయ్ గారూ, మీరు కాసేపు ఆగండి. రాజారావుతో ముందు నేను మాట్లాడతాను,” అన్నాను.

“ఏం మాట్లాడతావమ్మా? అయిదు రోజులైంది. ఈ పిల్లాడి మీద నింద పడిందని రోజూ అన్నం దగ్గర వాడికి చెప్తానే ఉన్నాను. తలొంచుకు తిని లేచిపోతున్నాడు.” ఆయన ఫ్లాస్కు మూత బిగించారు. “టీమును అమ్మేశారని తెలిసిన రాత్రి వాడు పడుకోలా. మన కప్పు కూడా పట్టుకుపోతారా నాన్నా అన్నాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు. పోనీలేరా, వాళ్ళ కప్పు వాళ్ళిష్టం అన్నాను.”

“ఆదివారం ఇక్కడ మీరున్నారని ఆయనకి తెలుసా అంకుల్?” భానుప్రకాష్ గొంతు తగ్గించి అడిగాడు.

“వాడే గదా దింపింది. ముందు గుమ్మం దగ్గర దింపి, సాయంత్రం వస్తానని వెళ్ళాడు.” ఐస్ మీద తెలుపు వైపు చూస్తూ ఉండిపోయారు. “నేను చూస్తానని మంచు పట్టించాడమ్మా. నా కళ్ళ ముందు దొంగతనం చెయ్యలేక, నా కళ్ళకి గంతలు కట్టాడు.”

నిశాంత్ లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “తాతా, నాకోసం చెప్పకు తాతా. నేనేదో తిప్పలు పడత,” అన్నాడు. ఆయన ఆ చెయ్యి విడిపించుకుని, మఫ్లరు సర్దుకుని, నా వైపు తిరిగారు.

“ఆదివారం నించీ మావాడు నా సంచి కారు డిక్కీలో పెట్టనివ్వట్లేదు. ఒళ్ళో పెట్టుకోమంటన్నాడు.”

బయట కారు ఆగిన చప్పుడైంది. ముందు వైపు కాదు, వెనక. తెరిచి ఉన్న షటర్ చూసి అటే వచ్చినట్టున్నాడు. కారు తలుపు పడింది. ఎండలోంచి ఒక మనిషి లోపలికి రెండడుగులు వేసి, ఎదురుగా లేచి ఉన్న తెలుపు చూసి నిలబడిపోయాడు. మేం అతనికి కనపడం. అతని నీడ మాత్రం మాకు తెలుస్తోంది.

“నాన్నా,” అన్నాడు రాజారావు. “షటర్ ఎవరు తీశారు?”

హనుమయ్య గారు ముందు సీటు పట్టుకుని లేచి నిలబడ్డారు. భానుప్రకాష్ కదలబోతే చేత్తో ఆపారు.

“ఒరే రాజా,” అన్నారు. “డిక్కీ తియ్యరా.”